ఆన్‌లైన్ వేలంలో పాత వెండి రూపాయి: నకిలీని పట్టుకోవడం ఎలా?

"అన్నా, ఇది అసలుదేనా? ఇంకో గంటలో వేలం అయిపోతుంది." పైన ఒక ఫొటో, కింద ఈ మాట. వారానికి రెండు మూడుసార్లయినా నా ఫోన్‌కి వచ్చే మెసేజ్ ఇది. ఫొటో చూసి చెప్పగలిగినవి కొన్ని ఉంటాయి. నాణెం చేతికొస్తే తప్ప తేలనివి కొన్ని ఉంటాయి. ఈ రెండింటినీ కలిపేసి చాలామంది డబ్బు పోగొట్టుకుంటున్నారు. ఒక్కొక్కరికీ విడిగా చెప్పేకన్నా అన్నీ ఒకచోట వరసగా రాయడం నయం అనిపించింది.

ఇక్కడ చెప్పేదంతా బ్రిటిషు కాలం వెండి రూపాయల గురించి, మన నిజాం చార్మినార్ రూపాయి గురించి. కొత్తగా సేకరణ మొదలుపెట్టినవాళ్ళు ముందు కొనేవి ఇవే. విజయనగరం వరహాలు, శాతవాహనుల సీసం నాణేలు వేరే విద్య, వాటి జోలికి పోవడం లేదు.

నేనూ మునిగినవాణ్ణే. కొన్నేళ్ళ క్రితం ఒక వేలంలో 1939 నాటి ఆరో జార్జి వెండి రూపాయి కనిపించింది. ఆ ఏడాది ముద్ర చాలా అరుదు. ఎనిమిది వేల దగ్గర నా పాట నిలిచింది. ఇంటికొచ్చాక తూచాను, సరిపోయింది. అయస్కాంతం పెట్టాను, అంటలేదు. నీళ్ళలో తూచాను, నిక్కమైన వెండే. నెల తర్వాత పాత నాణేల వ్యాపారి ఒకాయనకి గొప్పగా చూపించాను. ఆయన భూతద్దం కింద అర నిమిషం చూసి తిరిగి నా చేతిలో పెట్టేశాడు. "రూపాయి అసలుదే బాబూ. సంవత్సరమే నకిలీ." 1938 రూపాయిలో చివరి 8ని చెక్కి 9 చేశారు. నేను చేసిన పరీక్షలన్నీ వెండికి చేసినవి. నాణేనికి చేసినది ఒక్కటీ లేదు.

ఈ తేడా గుర్తుంచుకుని కింది అంచెలు చదవండి.

అసలు పాట పాడకూడనివి

పరీక్షల దాకా వెళ్ళనక్కర్లేనివి కొన్ని ఉన్నాయి. వేలంలో కనబడగానే పక్కకు జరపండి.

ఈస్టిండియా కంపెనీ పేరుతో, 1616, 1717, 1818 లాంటి సంవత్సరాలు వేసి, రామ పట్టాభిషేకం, హనుమంతుడు, లక్ష్మీదేవి, ఓంకారం ఉన్న రాగి, ఇత్తడి బిళ్ళలు ఏ కాలంలోనూ చెలామణీలో లేవు. కంపెనీ దేశమంతటికీ ఒకే రకం రూపాయిని తెచ్చిందే 1835లో. దాని మీద ఉన్నది నాలుగో విలియం రాజు బొమ్మ, దేవుళ్ళది కాదు. పూర్వం గుళ్ళ దగ్గర అమ్మిన రామటంకాలు ఉన్న మాట నిజమే. అవి పూజకు పెట్టుకున్న బిళ్ళలు, డబ్బు కాదు. వాటికీ ఈ కంపెనీ పేరుకీ సంబంధం లేదు.

ఈ బిళ్ళలనే "రైస్ పుల్లర్" అని కూడా అమ్ముతారు. బియ్యపు గింజల్ని లాగుతుందట, ఇరిడియం ఉందట, విదేశాల్లో శాస్త్రవేత్తలు కోట్లు పెట్టి కొంటారట! రెండు తెలుగు రాష్ట్రాల్లోనూ పోలీసులు ఎన్నో ముఠాలను పట్టుకున్నారు, అయినా ఇంకా నడుస్తూనే ఉంది. బియ్యంలో ఇనుప రజను కలిపి, అయస్కాంతంతో ఆడించే ఆట అది. ఎదురుగా నిలబడి చూసినా నమ్మకండి.

ఇక మూడోది తలకిందుల మోసం. "మీ దగ్గర వైష్ణోదేవి బొమ్మ ఉన్న ఐదు రూపాయల బిళ్ళ ఉందా? పది లక్షలకు కొంటాం, ముందు రిజిస్ట్రేషన్ ఫీజు కట్టండి" అంటారు. రిజర్వ్ బ్యాంకు పేరు కూడా వాడతారు. పాత నోట్లు, నాణేలు కొనడం అమ్మడం తాము చేయమని, కమీషన్లు అడగమని రిజర్వ్ బ్యాంకు 2021 ఆగస్టులో ప్రకటనే ఇచ్చింది. ఫీజు అడిగారంటే ఫోన్ పెట్టేయండి.

కావలసినవి

- 0.01 గ్రాము వరకూ చూపించే చిన్న డిజిటల్ తూకం. 200 గ్రాములవి చవకగా దొరుకుతాయి. వంటింటి తూకం పనికిరాదు.
- పది రెట్లు పెద్దది చేసి చూపే భూతద్దం, కంసాలులు కంటికి పెట్టుకునేది. 40 రెట్లు, 60 రెట్లు అని అమ్మే చవకవాటితో ఏమీ సరిగ్గా కనబడదు.
- నాణెం వెడల్పు కొలవడానికి ప్లాస్టిక్ వెర్నియర్ క్యాలిపర్. ఇనుపదైతే నాణేనికి గీతలు పడతాయి.
- చిన్న నియోడిమియం అయస్కాంతం.
- కుట్టు దారం, ప్లాస్టిక్ టీ కప్పు, ఆర్‌ఓ నీళ్ళు.
- ఒక అసలు రూపాయి.

చివరిది లేకుండా మిగతావన్నీ ఉన్నా సగం పనే అవుతుంది. ఏడో ఎడ్వర్డ్‌దో ఐదో జార్జిదో, మామూలుగా దొరికే సంవత్సరం రూపాయి ఒకటి, తెలిసిన వ్యాపారి దగ్గర చేత్తో పట్టుకుని చూసి కొనుక్కోండి. దాన్లో ఉన్న వెండి విలువకన్నా పెద్దగా ఎక్కువ అవ్వదు. అదే మీ గీటురాయి. అక్షరాల అంచులు ఎలా ఉంటాయో, నాణెం పక్క అంచు మీది గాట్లు ఎంత దగ్గరగా ఉంటాయో, అరిగినచోట ఎలా మెరుస్తుందో దాన్నే చూసి నేర్చుకోవాలి. నేను ఆ రూపాయిని అమ్మను, ఇవ్వను, తోమను.

పాట పాడకముందు

1. రాజు, బిరుదు, సంవత్సరం పొంతన చూడండి. దీనికి నాణెం చేతిలో ఉండక్కర్లేదు, రెండు నిమిషాల పని. మోటు నకిలీలు ఇక్కడే దొరికిపోతాయి.

1835: నాలుగో విలియం, వెనకవైపు ఈస్టిండియా కంపెనీ పేరు.
1840: విక్టోరియా, అయినా వెనక కంపెనీ పేరే.
1862 నుంచి: "విక్టోరియా క్వీన్". కంపెనీ పేరు పోయి "ఇండియా" వస్తుంది.
1877 నుంచి 1901: "విక్టోరియా ఎంప్రెస్".
1903 నుంచి 1910: ఏడో ఎడ్వర్డ్, తలమీద కిరీటం ఉండదు.
1911 నుంచి: ఐదో జార్జి, కిరీటంతో.
1938 నుంచి: ఆరో జార్జి.

1862 అని ఉండి "ఎంప్రెస్" అని ఉంటే నకిలీ. 1885 అని ఉండి "క్వీన్" ఉంటే నకిలీ. 1901 సంవత్సరంతో ఎడ్వర్డ్ బొమ్మ ఉంటే నకిలీ. గద్దెనెక్కిన ఏడాదే దిగిపోయిన ఎనిమిదో ఎడ్వర్డ్ పేరు మీద మన దేశంలో రూపాయి రాలేదు. "అత్యంత అరుదైన ఎనిమిదో ఎడ్వర్డ్ రూపాయి" అని ఎవరైనా పెడితే నవ్వుకుని ముందుకు వెళ్ళండి.

ఒక జాగ్రత్త. 1862 సంవత్సరం ఉన్న రూపాయలు ఎక్కడ చూసినా కనిపిస్తున్నాయే, నకిలీలేమో అని కొందరు భయపడతారు. కంగారు వద్దు. 1874 దాకా అదే సంవత్సరం వేసి ముద్రించారు, అందుకే అన్ని ఉన్నాయి.

లోహం కూడా సంవత్సరంతో మారుతుంది. 1835 నుంచి 1939 దాకా రూపాయిలో వెండి 91.7 శాతం. 1940 నుంచి అది 50 శాతానికి పడిపోయింది. 1947 రూపాయి వెనక పులి ఉంటుంది, అందులో వెండి లేదు, నికెల్. "1947 వెండి రూపాయి" అని రాసినవాడికి తెలియదు, లేదా తెలిసే రాశాడు.

చార్మినార్ రూపాయి సంగతి కాస్త విడిగా చెప్పాలి, మనవాళ్ళకి దాని మీద మమకారం ఎక్కువ. మీర్ మహబూబ్ అలీ ఖాన్ కాలంలో, హిజ్రీ 1321లో మొదలైంది. చార్మినార్ ద్వారంలో ఒక అక్షరం ఉంటుంది. మహబూబ్‌కైతే "మీమ్", ఆయన తర్వాత వచ్చిన ఉస్మాన్ అలీ ఖాన్‌కైతే "ఐన్". గద్దె మారింది హిజ్రీ 1329లో, అంటే 1911లో. హిజ్రీ 1325 అని ఉండి ద్వారంలో "ఐన్" ఉంటే పొంతన కుదరనట్టే. ఉర్దూ చదవడం రాకపోయినా ఈ రెండు అక్షరాలూ, పది అంకెలూ ఒక సాయంత్రంలో వచ్చేస్తాయి. ఇంకో గుర్తు: నిజాం రూపాయి మీద నిజాం ముఖం ఉండదు. తలపాగాతో నిజాం బొమ్మ ఉన్న "రూపాయి" కనిపిస్తే అది జ్ఞాపిక బిళ్ళ.

సంవత్సరం, రకం, బరువు సరిచూసుకోవడానికి న్యూమిస్టా అనే ఉచిత కేటలాగ్ ఆన్‌లైన్‌లో ఉంది. అమ్మేవాడు రాసిన వివరంతో కాదు, కేటలాగ్‌లోని ఫొటోతో పోల్చండి.

2. ఫొటోని వెతికించండి. వేలంలో ఉన్న ఫొటోని సేవ్ చేసుకుని గూగుల్ లెన్స్‌లో పెట్టండి. అదే ఫొటో, అదే గీతలతో, పెద్ద వేలం సంస్థ పాత కేటలాగ్‌లో కనిపిస్తే ఈ అమ్మేవాడి దగ్గర ఆ నాణెం లేదన్నమాట. మీకు వచ్చేది ఇంకేదో. ఫొటో తిప్పేసి, చుట్టూ కత్తిరించేసి పెడతారు కాబట్టి మీరూ ఒకసారి అద్దం బొమ్మలా తిప్పి వెతకండి.

3. అమ్మేవాడి మిగతా సరుకు చూడండి. నాణెంకన్నా ఇదే ఎక్కువ చెబుతుంది. ఒక అరుదైన రూపాయి ఒకరి దగ్గర ఉండటం అదృష్టం. అదే రూపాయి నెలలో నాలుగుసార్లు అమ్మితే అది కార్ఖానా. "తాతగారి పెట్టెలో దొరికాయి, నాకు వీటి గురించి తెలియదు, ఉన్నది ఉన్నట్టు అమ్ముతున్నాను, వాపసు లేదు" అనే నాలుగు ముక్కలూ ఒకేచోట కనిపిస్తే నేనైతే ఆగిపోతాను. తాతగారి పెట్టెలు నిజంగానే ఉంటాయి. కానీ వాటిలో అన్నీ మామూలు సంవత్సరాలే ఉంటాయి, ఏరికోరినట్టు అరుదైనవే ఉండవు.

4. ఫొటోలు అడగండి. మూడు చాలు: పక్క అంచు కనిపించేలా ఒకటి, తూకం మీద అంకె కనిపించేలా ఒకటి, ఇవాళ్టి తేదీ రాసిన కాగితం పక్కన పెట్టి ఒకటి. అసలు సరుకున్నవాడు విసుక్కున్నా పంపిస్తాడు. లేనివాడు "చాలామంది అడుగుతున్నారు, త్వరగా తేల్చుకోండి" అంటాడు.

5. ధర లెక్క వేసుకోండి. మంచి వెండి రూపాయి బరువు 11.66 గ్రాములు, మన పాత లెక్కలో సరిగ్గా తులం. అందులో అసలు వెండి దాదాపు 10.7 గ్రాములు. దీన్ని ఆరోజు వెండి ధరతో గుణిస్తే వచ్చేది ఆ రూపాయి కనీస విలువ. అంతకన్నా తక్కువకి ఇస్తున్నారంటే అది వెండి కాదు. వెండి ధరకన్నా తక్కువకి వెండిని అమ్ముకునే వెర్రివాడు ఏ బజారులోనూ లేడు, కరిగించినా అంత వస్తుంది కదా.

మీ పై హద్దు కూడా వేలం మొదలవకముందే కాగితం మీద రాసుకోండి. వేలం సంస్థ కమీషన్, పన్ను, పోస్టు ఖర్చు అన్నీ కలిపి. చివరి ఐదు నిమిషాల్లో ఎవరో ఒకరు మీ మీద పాడుతూనే ఉంటే అది అమ్మేవాడి మనిషే కావచ్చు.

6. డబ్బు కట్టే దారి. వాపసు నిబంధన రాతపూర్వకంగా ఉన్నచోట, కార్డుతోనో వేలం సంస్థ ద్వారానో కట్టండి. ఫేస్‌బుక్ గుంపుల్లో, వాట్సాప్ వేలాల్లో నేరుగా యూపీఐ పంపేస్తే తర్వాత చేయగలిగింది చాలా తక్కువ. పంపక తప్పదనుకుంటే, పోయినా బాధపడని మొత్తమే పంపండి.

పార్శిల్ వచ్చాక

7. విప్పకముందే వీడియో. పార్శిల్ మీద చిరునామా కనిపించేలా మొదలుపెట్టి, మధ్యలో ఆపకుండా, నాణెం రెండు వైపులూ, తూకం మీద అంకె కనిపించేదాకా తీయండి. వాపసు తగాదాలో అన్నిటికన్నా పనికొచ్చే సాక్ష్యం ఇది.

8. బరువు, వెడల్పు, అయస్కాంతం. ముందు మీ తూకాన్ని నమ్మొచ్చో లేదో చూసుకోండి. 2011 నుంచి 2018 మధ్య వచ్చిన పది రూపాయల బిళ్ళ 7.71 గ్రాములు ఉండాలి. అది సరిపోతే తూకం మంచిదే.

వెండి రూపాయి 11.66, వాడి అరిగినదైతే 11.5కో, ఇంకాస్త కిందకో తగ్గొచ్చు. కొత్తగా మెరుస్తూ 11.2 ఉంటే అనుమానించండి, బాగా అరిగిపోయి సరిగ్గా 11.66 ఉన్నా అనుమానించండి. రెండోదాన్ని ఎవరూ పట్టించుకోరు. అరుగుదలను కూడా కలిపి పోత పోసిన నకిలీకే అది సాధ్యం. వెడల్పు 30.5 మిల్లీమీటర్లకి కాస్త అటూ ఇటూ ఉంటుంది. చార్మినార్ రూపాయి మాత్రం 11.18 గ్రాములే, వెండి 81.8 శాతమే. దాన్ని బ్రిటిషు రూపాయి లెక్కతో తూచి "తక్కువుంది, దొంగది" అని తిప్పి పంపినవాళ్ళున్నారు.

అయస్కాంతానికి అంటుకుంటే వెండి కాదు, అంతవరకే. అంటుకోకపోతే ఏమీ రుజువవలేదు, ఇత్తడీ రాగీ సీసమూ కూడా అంటుకోవు. 1947 నికెల్ రూపాయి మాత్రం తప్పకుండా అంటుకోవాలి.

9. నీళ్ళ పరీక్ష. దీనికి భయపడకండి, నాణేనికి ఏమీ కాదు. కానీ తొందర పనికిరాదు.

క) కప్పులో సగానికి పైగా నీళ్ళు పోసి తూకం మీద పెట్టండి. కప్పు, నీళ్ళు కలిపి తూకం హద్దు దాటకూడదు. అంకెను సున్నా చేయండి.
ఖ) నాణేన్ని ముందే పొడిగా తూచి రాసుకోండి.
గ) నాణేనికి దారం కట్టి, పూర్తిగా మునిగేలా వేలాడదీయండి. అడుగుకీ గోడలకీ తగలకూడదు. చేయి వణికితే రెండు పుస్తకాల మధ్య పెన్సిల్ పెట్టి దానికి కట్టండి.
ఘ) నాణేనికి గాలి బుడగలు అంటుకుంటే దారాన్ని మెల్లగా కదిలించి పోగొట్టండి. తప్పులన్నీ ఇక్కడే జరుగుతాయి.
చ) ఇప్పుడు తూకం చూపించే అంకెతో పొడి బరువును భాగించండి.

11.66 గ్రాముల మంచి రూపాయికి నీళ్ళలో 1.13 దగ్గర చూపించాలి. భాగిస్తే 10.3 వస్తుంది. 10.1 నుంచి 10.5 మధ్య ఏది వచ్చినా సరే అనుకోండి, మన ఇంటి తూకానికి అంతకన్నా కచ్చితత్వం రాదు. చార్మినార్ రూపాయికి 10.2కి దగ్గరగా, 1940ల సగం వెండి రూపాయికి 9.5కి దగ్గరగా వస్తుంది. 8.9 వస్తే రాగి నికెల్ మిశ్రమమో, వెండి పూత పూసిన రాగో. 8.5 దగ్గరైతే ఇత్తడో, పేరులో తప్ప వెండి లేని జర్మన్ సిల్వరో. మూడుసార్లు చేయండి, మూడూ దగ్గర దగ్గరగా రాకపోతే తప్పు మీ చేతిలో ఉంది, నాణెంలో కాదు. ముందు మీ గీటురాయి రూపాయి మీద చేసి చేయి కుదుర్చుకోండి.

అయ్యాక మెత్తటి గుడ్డతో అద్ది ఆరబెట్టండి, రుద్దకండి.

పాత షావుకార్లలా బండ మీద కొట్టి మోగించడం వద్దు. అంచు సొట్టపోతే అసలు నాణెం విలువ కూడా పోతుంది. వేలి కొన మీద నిలిపి, ఇంకో రూపాయితో మెల్లగా తాకిస్తే వెండి సన్నగా, పొడుగ్గా మోగుతుంది, పోత సరుకు టక్‌మని ఆగిపోతుంది. అయితే లోపల పగులున్న అసలు రూపాయి కూడా మోగదు. అందుకే దీన్ని నేను లెక్కలోకి తీసుకోను.

10. భూతద్దం కింద. అసలు పరీక్ష ఇదే. కిటికీ దగ్గర, వెలుతురు ఒక పక్కనుంచి పడేలా కూర్చోండి. నాణేన్ని కదలనిచ్చి, వెలుగు దాని మీద తిరగనివ్వండి.

పక్క అంచు ముందు చూడండి. టంకసాలలో అచ్చు కొట్టిన రూపాయికి గాట్లు నిటారుగా, సమానంగా ఉంటాయి. పోత పోసినదానికి అంచు మధ్యలో చుట్టూ సన్నని అతుకు గీత ఉంటుంది, లేదా దాన్ని ఆకురాయితో పోగొట్టిన గుర్తులుంటాయి. 1940ల సగం వెండి రూపాయల్లో చాలావాటికి అంచు మధ్యలో గాడి, అందులో చిన్న నగిషీ ఉంటాయి. నకిలీలను ఆపడానికే దాన్ని తెచ్చారు. ఆ గాడి గజిబిజిగా ఉంటే నాణెం నకిలీదే.

తర్వాత ఖాళీ జాగా. రాజు ముఖానికి ఎదురుగా బొమ్మా అక్షరాలూ లేనిచోట చిన్న చిన్న గుంటలు, బొబ్బలు కనిపిస్తే పోత. అక్షరాలు జాగాలోంచి నిటారుగా లేవాలి. సబ్బు మీద చెక్కినట్టు గుండ్రంగా కరిగిపోయి ఉంటే అనుమానించండి.

అరుగుదల ఎక్కడుందో చూడండి. చేతులు మారిన నాణెం ఎత్తుగా ఉన్నచోటే అరుగుతుంది: చెంప, చెవి పైన జుట్టు, కిరీటం. పల్లంలో ఉన్న అక్షరాలు అరిగి చెంప పదునుగా ఉంటే ఎవరో అరగదీశారు.

ఇక సంవత్సరం, నా ఎనిమిది వేలు పోయినచోటు. ఒక్కో అంకెనీ విడిగా చూడండి. నాలుగింటి ఎత్తు, మందం ఒకేలా ఉన్నాయా? చివరి అంకె చుట్టూ జాగాలో మిగతాచోట లేని సన్నని గీతలున్నాయా? అంకె అడుగున సందు కనిపిస్తుందా? ఉంటే వేరే ముక్క అతికించారు. తర్వాత మొబైల్‌తో దగ్గరగా ఫొటో తీసి, కేటలాగ్‌లో ఉన్న అదే సంవత్సరం అంకె పక్కన పెట్టి చూడండి. అంకె ఆకారం ప్రతి అచ్చుకీ ఒక తీరుగా ఉంటుంది, చెక్కినవాడికి ఆ తీరు రాదు.

"పంది రూపాయి" గురించి కూడా ఇక్కడే చెప్పేస్తాను. 1911లో ఐదో జార్జి వస్త్రం మీదున్న హారంలో ఏనుగు బొమ్మ పందిలా ఉందని గొడవైంది, 1912 నుంచి ఏనుగుకి తొండం స్పష్టంగా వచ్చేలా మార్చారు. కాబట్టి పంది రూపాయి అంటే 1911దే. 1913, 1916 రూపాయల్ని, ఏనుగు అరిగిపోయింది కాబట్టి, పంది రూపాయి అని అమ్ముతుంటారు. సంవత్సరం చూస్తే చాలు.

11. పై అంచున చెవి గుర్తు. మన ఇళ్ళలో రూపాయల్ని, కాసుల్ని దండలు గుచ్చుకున్నారు. దండ గుచ్చడానికి చిన్న రింగును టంకం పెట్టి అతికిస్తారు, దాన్నే చెవి అంటారు; తర్వాత తీసేసి అమ్ముతారు. రాజు తల పైన అంచు మీద మచ్చ, గాట్లు చెరిగిపోయిన చోటు ఉందేమో చూడండి. ఇది నకిలీ కాదు. కానీ సేకరణ విలువ సగానికి పైగా పడిపోతుంది, అమ్మేవాళ్ళు ఆ మాట రాయరు.

వెండే గానీ నాణెం కాదు

దీనికి విడిగా చోటివ్వాలి, ఎందుకంటే పై పరీక్షల్లో సగం దాటిపోయేది ఇదే. ధన త్రయోదశికి, అక్షయ తృతీయకి, పూజలో పెట్టుకోవడానికి అచ్చం విక్టోరియా, జార్జి బొమ్మలతో మంచి వెండి బిళ్ళలు కొత్తగా తయారవుతాయి. బంగారు అంగడిలో పూజా బిళ్ళగా అమ్మితే తప్పేమీ లేదు. దాన్నే నాలుగు రోజులు గంధకం పొగలో నల్లబరిచి పాత రూపాయిగా వేలానికి పెడతారు. అయస్కాంతం, నీళ్ళు, మోత అన్నీ నెగ్గుతుంది. చాలాసార్లు బరువు సరిగ్గా పది గ్రాములుంటుంది, అక్కడ దొరుకుతుంది. బరువూ సరిచేసుకుంటే ఇక మిగిలేది భూతద్దం, మీ గీటురాయి రూపాయి. రాజు గడ్డం వెంట్రుకలు, కిరీటంలో రాళ్ళు పక్కపక్కన పెట్టి చూడండి. ఆ నగిషీ కొత్త అచ్చుకి అబ్బదు. నలుపు కూడా చూడండి. కాలం తెచ్చిన నలుపు అక్షరాల మూలల్లో చిక్కగా, ఎత్తుల మీద పలచగా ఉంటుంది. పొగ పెట్టిన నలుపు అంతటా ఒకేలా ఉంటుంది.

అందరూ చేసే పొరపాట్లు

తోమడం. చింతపండు, విబూది, పళ్ళపొడి, పీతాంబరి... పూజ సామాను తోమినట్టు నాణేన్ని తోమి, తళతళలాడుతుంటే ఫొటో తీసి పంపుతారు. అసలుదైనా విలువ పోయింది. పైగా వాపసు హక్కు కూడా పోతుంది, మీరు వస్తువును మార్చేశారు కాబట్టి.

ప్లాస్టిక్ డబ్బాలో సీలు చేసి ఉంది కదా అని నమ్మేయడం. పీసీజీఎస్, ఎన్‌జీసీ లాంటి సంస్థలు నాణేన్ని పరీక్షించి, డబ్బాలో పెట్టి, నంబరు ఇస్తాయి. ఆ డబ్బాలకీ నకిలీలున్నాయి. నంబరును ఆ సంస్థ సొంత వెబ్‌సైట్‌లో మీరే టైపు చేసి చూడండి. అమ్మేవాడు పంపిన లింకు నొక్కకండి. నంబరు ఉంటే చాలదు, అక్కడి ఫొటోలో ఉన్న గీతా మచ్చా మీ నాణెంలో ఉండాలి.

యాసిడ్ చుక్క వేయించడం. కంసాలి దగ్గరికి తీసుకెళ్తే గీసి చుక్క వేసి వెండి అని చెబుతాడు. నీళ్ళ పరీక్ష గీత పెట్టకుండా చెప్పేదాన్నే గీత పెట్టి చెప్పించుకోవడం ఎందుకు?

వెండి పరీక్షలు నెగ్గగానే ఆపేయడం. నా కథ చదివారుగా.

విదేశాల్లో ఉన్నవాళ్ళకి

అమెరికాలో 1973 చట్టం ప్రకారం నాణేల నమూనాల మీద "కాపీ" అని ముద్ర ఉండాలి. ఆ ముద్ర లేనంత మాత్రాన అసలుదని కాదు, దొంగ సరుకు మీద అది ఎలాగూ వేయరు. ఇండియా వేలాల్లో పాడేటప్పుడు ఇంకోటి గుర్తుంచుకోండి. వందేళ్ళు దాటిన నాణెం 1972 చట్టం కింద పురావస్తువు, దేశం బయటికి పంపకూడదు. "మీ ఇంటికి కొరియర్ చేస్తాం, బొమ్మ బిళ్ళ అని రాస్తాం" అని ఎవరైనా అంటే ఇరుక్కునేది మీరు. ఇక్కడున్న అమ్మానాన్నల దగ్గరే పెట్టించుకోండి.

నకిలీ అని తేలితే

వాపసు గడువు ముందు చూసుకోండి. ఫోన్ చేయకండి, రాతలో పంపండి: తూకం ఫొటో, భూతద్దం ఫొటో, పార్శిల్ వీడియో. "మోసం చేశావు" అని మొదలుపెడితే అవతలివాడు బ్లాక్ చేస్తాడు. "వివరంలో రాసినదానికి, వచ్చినదానికి తేడా ఉంది, వాపసు కావాలి" చాలు. స్పందన లేకపోతే వేలం సంస్థకి, కార్డుతో కట్టి ఉంటే బ్యాంకుకి ఫిర్యాదు చేయండి. వినియోగదారుల హెల్ప్‌లైన్ 1915. డబ్బు తీసుకుని మాయమైతే ఆలస్యం చేయకుండా 1930కి ఫోన్ చేయండి, మొదటి గంటల్లో చేస్తే ఆ డబ్బును ఖాతాలో ఆపే వీలుంటుంది.

ఎటూ తేల్చుకోలేకపోతే నాణేల ప్రదర్శనకు తీసుకెళ్ళి ఇద్దరు వ్యాపారులకి విడివిడిగా చూపించండి. అమ్మడానికని చెప్పకండి, చూపించడానికని చెప్పండి.

డబ్బు తిరిగి రాకపోతే ఆ నకిలీని ఇంకొకరికి అంటగట్టి బయటపడదామనుకోవద్దు, అది కూడా మోసమే. వేరే కవరులో పెట్టి, పైన స్పష్టంగా రాసి, మంచి నాణేలకు దూరంగా ఉంచండి. మీ తర్వాత ఆ పెట్టె తెరిచే పిల్లలకి తెలియాలి కదా. నా 1939 కవరు మీద "9 చెక్కినది, అమ్మకూడదు" అని రాసి ఉంది.